చెరువు లెక్కన వేసుకున్న మాత్ర

మా ఊళ్ళో నా కథ చెప్పే పద్ధతి ఒకటుంది. పద్మకి థైరాయిడ్ వచ్చింది, మనిషి లావెక్కింది, డాక్టరు మాత్ర రాశారు, మాత్ర పడక కోపం నెత్తికెక్కింది, ఆ కోపంతో గుండె మీదకి తెచ్చుకుంది, దేవుడి దయవల్ల బతికి బయటపడింది. చెప్పేవాళ్ళు చివర్లో ఓ మాట తప్పకుండా కలుపుతారు: "చదువుకున్నావిడేనండీ, కానీ నోరు అదుపులో పెట్టుకోలేదు పాపం."

ఇందులో డాక్టరు మాత్ర రాశారు అన్నంత వరకే నిజం. మిగతాది తలకిందులు. నా కోపం నా గుండెని పాడు చెయ్యలేదు. గుండె అదుపు తప్పి కొట్టుకుంటూ ఉంటే కోపం వచ్చింది. పొగ వల్ల నిప్పు పుట్టిందని ఎవరైనా అంటే నవ్వుతాం కదా, నా విషయంలో మాత్రం ఊరు ఊరంతా అదే అని తలూపింది.

మా పుట్టింటివాళ్ళది ఇంకో కథ. అందులో మా ఆయన రత్నంగారు రాక్షసుడు. పెళ్ళాం చేత లేనిపోని మోతాదులు మింగించి చంపబోయాడు. అదీ తప్పే. ఆయన రాక్షసుడైతే నా పని తేలికయ్యేది, తిట్టి ఊరుకునేదాన్ని. జరిగింది ఇంతకంటే మామూలుగా జరిగింది, అందుకే రాస్తున్నాను. పొద్దున్నే పరగడుపున ఇదే మాత్ర మింగే ఆడవాళ్ళు మా వీధిలోనే ఎంతోమంది ఉన్నారు. "థైరాయిడే కదా, రోజుకో మాత్ర, అంతేగా" అని వాళ్ళకి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అంతే కాదని చెప్పడానికి ఒకరుండాలి.

మాఘం

రాజోలు దాటి సముద్రం వైపు వెళితే మా ఊరు. కొబ్బరి తోట కొంత, మిగతా పొలమంతా రొయ్యల చెరువులు. ఆ మాఘమాసంలో ఇంట్లో అందరూ దుప్పట్లు మడతపెట్టేస్తే నేను స్వెట్టరు తొడుక్కుని ఎండలో కూర్చునేదాన్ని. గొంతు బొంగురుపోయింది. పేపర్లో ఒకే వాక్యం మూడుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. రామచంద్రపురంలో డిగ్రీ చదివే రోజుల్లో వక్తృత్వపు పోటీ అంటే నాకు ఎదురులేదు. అలాంటిదాన్ని పాలవాడు నీళ్ళు కలిపి పోస్తున్నాడని తెలిసీ, అడగడానికి ఓపిక లేక గిన్నె పట్టేదాన్ని.

నేను మాట్లాడటం మానేశానని ఇంట్లో ఎవరికీ బెంగ పుట్టలేదు. మా అత్తగారైతే పక్కింటి మంగతాయారు పిన్నిగారితో మురిసిపోతూ చెప్పడం నా చెవినే పడింది.

"మా కోడలు ఎంత మారిపోయిందో చూసేవా తాయారూ? ఒక్క మాటకి ఎదురు మాట లేదు. వీరేశ్వరస్వామికి మొక్కుకున్నాను లే, ఆయనే చల్లగా చూసేడు."

అనుమానం వచ్చింది ఒక్క మా అమ్మాయి శ్రావ్యకే. కాకినాడలో చదువుకుంటోంది. ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు నాతో దెబ్బలాడి నెలైంది. నీకేదో అయింది, డాక్టరు దగ్గరికెళ్ళు" అంది. వెళ్ళేదాకా రోజూ ఫోన్ చేసి సతాయించింది.

అమలాపురంలో ఆ డాక్టరుగారి దగ్గర టోకెన్ తీసుకుని కూర్చోవడమంటే ఒక పూట పోయినట్టే. బల్లల నిండా జనం, తల మీద ఫ్యాన్లన్నీ పూర్తి జోరులో. కొంగు రెండు పొరలు కప్పుకున్నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎవరినీ ఏమీ అడగలేకపోయాను. నా పక్కన కొత్తపేట నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. నన్ను చూసింది, లేచి వెళ్ళి మా నెత్తి మీద ఫ్యాను కట్టేసింది. ఎదురుగా ఉన్న పెద్దమనిషి గాలి లేదని గొణిగాడు. ఆవిడ ఆయనకేసి తిరిగింది.

"ఏవండీ, ఈవిడ చలికి వణికిపోతోంటే మీకు గాలి కావాల్సొచ్చిందా? బయట వేపచెట్టు కింద బోల్డంత గాలి. ఎళ్ళి కూర్చోండి, మీ నంబరొస్తే నేనే కేకేస్తాను" అంది. తన సంచీలోంచి తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పింది. "ఉతికిందేనండి, మొహమాటపడకండి. మీదీ థైరాయిడేనా?"

"తెలీదండీ. అందుకే వచ్చాను."

"అదే అయ్యుంటది. నన్నయితే యేడాదిపాటు బద్ధకస్తురాలన్నారండి మా ఇంట్లో. మన మాట ఎవరూ నమ్మరు. రిపోర్టొస్తే నమ్ముతారు. మీరేం చెప్పుకున్నా సరే, రిపోర్టు చేత్తో పట్టుకుని చెప్పండి."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. బుర్ర ఆ స్థితిలో లేదు. ఆవిడ పేరు కూడా అడగలేదు.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా మందగించిందని తేలింది. డాక్టరుగారు నెమ్మదిగా, మొహం చూసి మాట్లాడే ఆవిడే. చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. "పరగడుపున వేసుకోండమ్మా, వేసుకున్న గంట దాకా కాఫీ తాగద్దు. ఆరు వారాలయ్యాక మళ్ళీ రక్తపరీక్ష చేయించుకు రండి, దాన్ని బట్టి మోతాదు సర్దుదాం. ఈలోపు మార్చకండి. ఇది ఇవాళ వేస్తే రేపు పనిచేసే మందు కాదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు మా ఆయన. చెయ్యకూడదని కాదు, చేద్దామనే అన్నాడు.

వేసవి పంట

రొయ్యల సాగు తెలియనివాళ్ళకి ఒక విషయం చెప్పాలి. చెరువులో రొయ్య కంటికి కనపడదు. అది తింటోందో లేదో తెలుసుకోవడానికి వలగుడ్డ బిగించిన పళ్ళెం ఒకటి మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. దాన్ని చెక్ ట్రే అంటారు. రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తారు. మేతంతా అయిపోయిందా, తర్వాతి పూట కాస్త పెంచుతారు. మిగిలిందా, తగ్గిస్తారు. రొయ్య నీరసంగా ఉందా, మందు కలుపుతారు. పూటపూటకీ చూడటం, పూటపూటకీ మార్చడం. ఇరవయ్యేళ్ళుగా మా ఆయన బతుకు అదే. ఆరు వారాలంటే మాకు సగం పంట. అన్నాళ్ళు ఏదీ మార్చకుండా చేతులు కట్టుకు కూర్చున్న రైతు చెరువు ఎండబెట్టుకోవాల్సిందే.

మూడు వారాలు గడిచాయి. నాలో మార్పు లేదు.

"ఏంటి పద్మా, ఇంకా అలాగే ఉన్నావ్? మూడ్రోజుల్లో తెలీని మందు మందేంటి?"

"డాక్టరుగారు ఆగమన్నారు కదండీ."

"ఆవిడకేం, రోజూ నిన్ను చూస్తోందా? చూసేది నేను."

నిజంగానే చూసేవాడు. పొద్దున్నే చెరువు దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను వసారాలో వెలుతురుకేసి నిలబెట్టేవాడు. కనురెప్పల వాపు చూసేవాడు. చీలమండ మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపుంటుందో చూసేవాడు. "ఇవాళ బరువుగా ఉన్నావ్. ఇంకో సగం వెయ్యి." అత్తగారి అడకత్తెర తెచ్చి మాత్రని వక్కలా సగానికి కొట్టి నా అరచేతిలో పెట్టేవాడు.

నేనెందుకు ఊరుకున్నానని నా చెల్లెళ్ళు ఇప్పటికీ అడుగుతారు. వాదించే శక్తి లేకపోవడం ఒక కారణం. రెండోది చెబితే వాళ్ళకి రుచించదు. పెళ్ళయి పాతికేళ్ళు దాటాక ఒక మనిషి రోజూ పొద్దున్నే నా మొహం వెలుతుర్లో పెట్టుకుని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. నాకది బాగుంది. దాన్ని నేను తప్పనుకోను.

ఆరో వారం వచ్చేసరికి పక్క చెరువుల్లో తెల్లమచ్చ తెగులు పడింది, అది సోకితే చెరువు చెరువంతా పోతుంది. ఎవరూ గట్టు దిగే పరిస్థితి లేదు. అమలాపురం ప్రయాణం వచ్చే వారం అనుకున్నాం. తర్వాత ఆ పై వారం. తర్వాత ఆ మాటే ఎత్తలేదు, ఎందుకంటే నేను బాగున్నాను.

అవును, కొన్నాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాను. మూసుకుపోయిన కిటికీ తెరిచినట్టు ప్రపంచం లోపలికొచ్చింది. పాలవాణ్ణి నిలబెట్టి కడిగేశాను. మేత లారీవాడు రేటు పెంచితే గట్టు మీదే నిలదీశాను. మా ఆయన నవ్వుతూ, "ఇదిగో, వచ్చేసింది మా పద్మ! చూసేవా, డాక్టరు కంటే నేనే నయం" అన్నాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఎండలు ముదిరేసరికి చేతులు వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు ఎత్తితే పళ్ళెంలోకి ఒలికేది. జాకెట్లు వదులయ్యాయి. కూర్చున్నా పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసం. నిద్ర పట్టేది కాదు. వణుకు చూసి మా ఆయన ఏమన్నాడో గుర్తుంది. "నీరసం. ఇంకో పావు వేద్దాం."

చెరువు లెక్కలో అది సరైన లెక్కే. రొయ్య నీరసపడితే పెంచాలి. మనిషి ఒంట్లో మందు ఎక్కువైనా నీరసంగానే ఉంటుందని ట్రేలో కనపడదు. పైగా వారాల కిందట పెంచినది ఇవాళ పనిచేస్తూ ఉంటుంది, ఇవాళ పెంచింది ఎప్పుడో పనిచేస్తుంది. పాత చీటీ చూపించి మాత్రలు కొంటూ, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాం. మొదట రాసినదానికి ఎన్ని రెట్లయిందో లెక్క చూసుకున్నవాళ్ళు లేరు.

నేను నోరు మూసుకుని కూర్చోలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది.

"గుండె దడదడలాడుతోందండీ" అని మా ఆయనతో అన్నాను. "ఎవరితోనో దెబ్బలాడుంటావ్. కాసేపు పడుకో" అన్నాడు.

"అత్తయ్యగారూ, చేతులు వణుకుతున్నాయి" అన్నాను. "కోపం తగ్గించుకో అమ్మాయ్. రామనామం చేసుకో. వణుకు అదే పోతుంది" అన్నారావిడ.

మంగతాయారు పిన్నిగారైతే, "చిక్కేవు, చూడ్డానికి బాగున్నావ్. దిష్టి తీయించుకో" అన్నారు. వాళ్ళ మురుగు మా గోడవైపు వదిలినందుకు ఆ వారమే ఆవిడతో పెద్ద గొడవైంది. గొడవ న్యాయమైనదే. కానీ గొడవపడినది నేను కాబట్టి నా గుండెదడకి సాక్ష్యం అదే అయింది.

చివరికి దడ, వణుకు, మురుగు గొడవ అన్నీ గుక్క తిప్పుకోకుండా శ్రావ్యకి చెప్పాను. "అమ్మయ్య, మళ్ళీ మామూలు మనిషివయ్యావు" అని సంతోషించింది పిచ్చిపిల్ల. నేను మాట్లాడకపోతే జబ్బు అని కనిపెట్టిన పిల్లే, మాట్లాడితే జబ్బు కావచ్చని అనుకోలేకపోయింది.

పట్టుబడి రోజు

పంట పట్టే రోజు మా ఇంట్లో పెళ్ళిలాంటి హడావిడి. తెల్లవారుతూనే గట్టు మీద లారీ, ఐసు దిమ్మలు, ప్లాస్టిక్ ట్రేలు, కూలీలు. రొయ్యలు ఏరే ఆడవాళ్ళ దగ్గర నేను నిలబడ్డాను. వల దగ్గరకి లాగుతున్నారు. వల ఇరుకైనప్పుడు రొయ్యలు ఎగిరిపడతాయి. ఒకటి ఎగరడానికీ ఇంకోటి ఎగరడానికీ పొంతన ఉండదు, పది ఒకేసారి, తర్వాత ఏమీ లేదు, తర్వాత ఇరవై. వాటినే చూస్తున్నాను. నా రొమ్ములో కూడా అచ్చంగా అదే జరుగుతోందని అర్థమైంది. దడ కాదు. దడకి ఓ తాళం ఉంటుంది. దీనికి లేదు.

"ఏవండీ" అని పిలిచాననుకుంటాను. ఐసు కుప్ప మీద పడ్డాను.

మా ఆయన పట్టుబడి అలాగే వదిలేశాడు. తూకం దగ్గర ఇంటిమనిషి లేకపోతే కాటాలో ఎంత పోతుందో మా వైపు వాళ్ళకి తెలుసు. బురద లుంగీతోనే కారెక్కి నన్ను అమలాపురం తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఆ చేతికి రొయ్యల నీచువాసన. బతుకుతానో లేదో తెలియదు, ఆ వాసన మాత్రం తెలుస్తోంది.

గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు. పాత డాక్టరుగారే వచ్చారు.

"మాత్ర ఎంత వేసుకుంటున్నారు?"

మా ఆయన చెప్పాడు.

"నేను రాసింది అది కాదే! ఎవరు పెంచేరు?"

"మేమేనండి. మనిషిని చూసుకుంటా, కొద్దికొద్దిగా..."

"మనిషిని చూస్తే ఎలా తెలుస్తుందండీ? రక్తం చూడాలి. ఆరు వారాలకి రమ్మన్నాను కదా?"

"ఆయ్."

"మరి రాలేదేం?"

మాటకి ముందు ఓ ఆయ్, వెనక ఓ ఆయ్ తగిలించే మనిషి లుంగీ మీద ఎండిన బురదని గోటితో గీకడం మొదలుపెట్టాడు. 

గుండె పైగదులు లయ తప్పాయని చెప్పారు డాక్టరుగారు. అలా లయ తప్పితే రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అందుకని రక్తం పలచబడటానికి ఒక మాత్ర, గుండెకి ఒకటి. థైరాయిడ్ మాత్ర కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ అడుగునుంచి. "మోతాదు సరిపడ్డాక గుండె దానంతటది దారిలో పడచ్చమ్మా. పడకపోనూవచ్చు. ఇప్పుడే చెప్పలేను."

వానాకాలం

ఆ "పడచ్చు, పడకపోవచ్చు" మధ్యలో వానాకాలమంతా గడిపాను. ఎడంపక్కకి తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులో వినపడేది. వినకూడదనుకునేదాన్ని, వినేదాన్ని. అది తడబడిన ప్రతిసారీ నాలుక తిప్పి చూసుకునేదాన్ని, మూతి వంకర పోలేదు కదా అని. మాత్ర తగ్గించాక పాత మందకొడితనం తిరిగొచ్చింది. ఇటు చలి, అటు గుండె. పరీక్ష, ఆరు వారాలు, పిసరంత మార్పు, మళ్ళీ ఆరు వారాలు. ఆ ఎదురుచూపులకి మందు లేదు.

ఒకరోజు చేపలు తోముతుంటే కత్తిపీటకి వేలు తెగింది. చిన్న గాటే. రక్తం పలచనయ్యే మాత్ర వల్ల ఎంతకీ ఆగలేదు. పళ్ళెంలో చేప నీళ్ళు ఎర్రబడిపోయాయి. మా అత్తగారు పరిగెత్తుకొచ్చి, కాఫీపొడి అద్ది, తన కొంగుతో గట్టిగా చుట్టి, అది ఆగేదాకా నా వేలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు చెప్పేవమ్మాయ్. చేతులు వణుకుతున్నాయని చెప్పేవు. నేను రామనామం చేసుకోమన్నాను" అన్నారు.  ఆ రోజు నుంచి కత్తిపీట ముందు నన్ను కూర్చోనివ్వలేదు. మోకాళ్ళు వంగకపోయినా పీట వేయించుకుని తనే చేపలు కోస్తారు. మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో జరిగిన మంచి అంటూ ఉంటే అదే.

మా ఆయన ఇంకోలా అయిపోయాడు. నా మొహం చూడటం మానేశాడు. అన్నం వడ్డిస్తుంటే కంచంకేసి చూస్తాడు. మాట్లాడితే గోడకేసి చూస్తాడు. అడకత్తెర ఎక్కడ పెట్టాడో ఎవరికీ తెలియదు. అత్తగారు వక్కపొడి కొనుక్కుంటున్నారు. మొదట్లో నాకు కసిగా బాగుంది. తర్వాత, ఇంత శిక్ష నాకెందుకు అనిపించింది. తప్పు చేసినవాడు సిగ్గుపడితే, ఆ సిగ్గు కూడా నా నెత్తిమీదే పడింది.

ఇప్పుడు

మోతాదు ఇప్పుడు సరిపడింది. రిపోర్టులు సరిగ్గా వస్తున్నాయి. చలి పోయింది, వణుకు పోయింది, పేపరు మొదటిసారికే అర్థమవుతోంది. గుండె మాత్రం పూర్తిగా తిరిగిరాలేదు. కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటుంది, ఉన్నట్టుండి వలలో రొయ్యలా ఎగురుతుంది. ఇక ఇంతే కావచ్చని డాక్టరుగారు చెప్పారు. పలచబడే మాత్ర ఎన్నాళ్ళో తెలియదు. ఇదే మాత్ర మింగుతున్న అమ్మలకి నేను చెప్పేది ఒక్కటే: బాగున్నా, బాగోకపోయినా, మోతాదు మార్చేముందు రక్తం చూపించుకోండి. మీ ఆయన ఎంత మంచివాడైనా సరే. మంచివాడైతే మరీను.

ఇంక నాకు మిగిలిన గొడవ ఒకటి. ఊళ్ళోవాళ్ళ కథలో ఇది లేదు, పుట్టింటివాళ్ళ కథలోనూ లేదు.

మా ఆయన వారం వారం చెరువు నీళ్ళు సీసాలో పట్టి, బండి పెట్టెలో పెట్టుకుని రాజోలు తీసుకెళతాడు, పరీక్ష చేయించడానికి. ఆ కాగితం చూడకుండా చెరువులో గుప్పెడు సున్నం కూడా చల్లడు. ట్రే చూడటం ఎంతో, నీళ్ళు చూపించడం అంత. తెల్లమచ్చ తెగులు పడిన వారాల్లో కూడా ఆ ఒక్క ప్రయాణం మానలేదు. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబుకీ, మనుషుల రక్తం పరీక్ష చేసే ల్యాబుకీ మధ్య ఒక్క టిఫిన్ హోటలే అడ్డం. ఆ హోటల్లో పెసరట్టు తినే వచ్చేవాడు.

మొన్న అడిగాను. ఏడ్చి కాదు, అరిచి కాదు. వసారాలో, ఆయన సీసాలు కడుగుతుండగా.

"ఏవండీ, వారం వారం చెరువు నీళ్ళు పంపించేరు. నా రక్తం ఒక్కసారి పంపిద్దామని ఎందుకనిపించలేదు?"

చాలాసేపు సీసా కడుగుతూనే ఉన్నాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

"చెరువు మాట్లాడదు కదా పద్మా" అన్నాడు చివరికి. "అందుకని నీళ్ళు పంపించాలి. నువ్వు మాట్లాడతావు కదా. ఏదన్నా అయితే నువ్వే చెప్తావనుకున్నాను."

అబద్ధం చెప్పలేదు. అలా అనుకున్నాడు, నిజంగానే. అన్నాక చాలా నెలలకి మొదటిసారి నా మొహంకేసి చూశాడు, జవాబు ఏదైనా వస్తుందేమోనని. నేను ఆయన చేతిలో సీసా అందుకుని గోడవార బోర్లించాను. లోపలికి వచ్చేశాను.

కానీ నేను అప్పుడే చెప్పాను. దడగా ఉందని ఆయనకి చెప్పాను, వణుకని అత్తగారికి చెప్పాను, పక్కింటికి చెప్పాను, కన్నకూతురికి చెప్పాను. నోరులేని చెరువు చెప్పనిది సీసాలో పట్టుకుని రాజోలు దాకా మోసుకెళ్ళి విన్నవాళ్ళకి, నోరున్న నేను ఇంట్లో నిలబడి చెప్పింది ఎందుకు వినపడలేదు?